ఎండను దాచిపెట్టాలనుకున్న మారియా టెల్కెస్



విడవలూరులో ఉండే మీకు ఎండ గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం రామతీర్థం ఇసుకలో చెప్పుల్లేకుండా నాలుగు అడుగులు వేయలేం. పక్కనే ఇసకపల్లి ఉప్పు కొఠార్లలో సముద్రపు నీటిని ఆవిరి చేసి ఉప్పు మిగిల్చేది కూడా ఆ ఎండే. ఇప్పుడు డాబాల మీద సోలార్ పలకలు కూడా కనిపిస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2024లో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల పలకలు పెట్టించుకున్న ఇంటికి 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. మీలో కొందరు ఈపాటికే లెక్కలు వేసుకుని ఉంటారు.

పలకల్ని చూసిన ఏ పిల్లవాడైనా ముందు అడిగే ప్రశ్న ఒకటే. పగలు సరే, రాత్రికి ఎలా? ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ రాకపోతే ఎలా?

మీ పిల్లలు ఈ ప్రశ్న అడిగితే వాళ్లను మెచ్చుకోండి. ఈ ఒక్క ప్రశ్న కోసమే దాదాపు యాభై ఏళ్లు పనిచేసిన ఒక శాస్త్రవేత్త ఉన్నారు. ఆమె పేరు మారియా టెల్కెస్. అమెరికా పత్రికలు ఆమెను సూర్యరాణి అని పిలిచేవి. ఆమె ఒక ఇల్లు కట్టించారు. పత్రికలన్నీ దాని గురించి రాశాయి. చూడడానికి జనం బారులు తీరారు. మూడో చలికాలానికల్లా ఆ ఇంటిని వెచ్చగా ఉంచే ఏర్పాటు దెబ్బతింది. ఈ నెల ఆమె జీవితాన్ని మీ ముందు పెట్టడానికి ఆ మూడో చలికాలమే కారణం.

బుడాపెస్ట్ అమ్మాయి

మారియా 1900 డిసెంబరు 12న హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో పుట్టారు. చదువుకునే రోజుల్లోనే, బొగ్గు అయిపోతే మనుషులు ఏ శక్తితో బతుకుతారన్న ఆలోచన ఆమెను పట్టుకుంది. అది ఆవిరి రైళ్ల కాలం. ఇళ్లలో, ఫ్యాక్టరీల్లో అంతా బొగ్గే. సూర్యుడి వేడితో ఇల్లు నడపవచ్చంటే నవ్వే రోజులవి. బుడాపెస్ట్ విశ్వవిద్యాలయంలో ఆమె భౌతిక రసాయన శాస్త్రం చదివి, 1924లో డాక్టరేట్ పొందారు. ఆడపిల్ల అంత దూరం చదవడం ఆనాటి ఐరోపాలో కూడా అరుదు.

ఆ తర్వాత అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో ఉన్న బంధువుల దగ్గరికి వెళ్లారు. చుట్టపుచూపుగా వెళ్లినామె అక్కడే ఉద్యోగంలో చేరిపోయారు. క్లీవ్‌ల్యాండ్ క్లినిక్‌లో పరిశోధకురాలిగా జీవకణాల్లో పుట్టే శక్తి మీద పనిచేశారు. 1937లో అమెరికా పౌరసత్వం వచ్చింది. అదే ఏడాది వెస్టింగ్‌హౌస్ సంస్థలో చేరి, వేడిని నేరుగా విద్యుత్తుగా మార్చే పరికరాల మీద పరిశోధన చేశారు. 1939లో ఎంఐటీగా మనకు తెలిసిన మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి వచ్చారు. అప్పటికి అక్కడ సౌరశక్తి పరిశోధనకు పెద్ద విరాళం అంది పని మొదలైంది. హాయ్ట్ హాటెల్ అనే ఆచార్యుడు విద్యార్థులతో కలిసి ఎంఐటీలో మొదటి సౌర గృహాన్ని ఆ ఏడాదే తయారుచేశారు. పైకప్పు మీద ఎండకు వేడెక్కిన నీటిని ఇంటి కింద పెద్ద ట్యాంకులో నిల్వ చేసి, చలికాలంలో వాడుకోవడం ఆ ఇంటి పద్ధతి. పని చేసింది. కానీ ఒక చిన్న ఇంటికి అంత పెద్ద ట్యాంకు కట్టడం మామూలు మనిషికి సాధ్యమయ్యే ఖర్చు కాదు.

సముద్రం మధ్యలో మంచినీళ్లు

అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. విమానం కూలి, ఓడ మునిగి, సముద్రంలో చిన్న పడవల మీద మిగిలిపోయిన సైనికులు దాహంతో చనిపోయేవారు. చుట్టూ నీళ్లే, గొంతు తడుపుకోవడానికి మాత్రం చుక్క లేదు. తీరంలో పుట్టి పెరిగిన మీకు ఆ బాధ వివరించనక్కర్లేదు.

మారియా దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. గాలి ఊదితే ఉబ్బే పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి, దాని లోపల సముద్రపు నీటితో తడిసిన నల్లటి గుడ్డ. ఎండకు గుడ్డ వేడెక్కి నీరు ఆవిరవుతుంది. ఆ ఆవిరి సంచి గోడలకు తగిలి చల్లబడి, మంచినీటి చుక్కలుగా జారి అడుగున చేరుతుంది. ఉప్పు గుడ్డలోనే ఉండిపోతుంది. మడిచి పడవలో పెట్టుకోవచ్చు. రోజుకు సుమారు ఒక లీటరు నీరు వస్తుంది. ఒక మనిషి ప్రాణం నిలవడానికి అది చాలు. ఈ పనికి 1945లో అమెరికా ప్రభుత్వ పరిశోధనా విభాగం ఆమెకు ప్రశంసాపత్రం ఇచ్చింది.

ఇసకపల్లి కొఠార్లలో జరిగేదీ ఇదే. అక్కడ మనకు ఉప్పు కావాలి, నీరు గాలిలో కలిసిపోతుంది. ఆమె సంచిలో నీరు కావాలి, ఉప్పును వదిలేస్తాం. సైన్స్‌లో మీ పిల్లలు చదివే బాష్పీభవనం, సాంద్రీకరణం అనే రెండు మాటలు ఇక్కడ ప్రాణం నిలిపే పనిలోకి వచ్చాయి.

ముగ్గురు మహిళలు, ఒక ఇల్లు

యుద్ధం తర్వాత మారియా మళ్లీ తన అసలు ప్రశ్న దగ్గరికి వచ్చారు. పగటి ఎండను రాత్రికి ఎలా దాచాలి? నీళ్ల ట్యాంకు దారి ఆమెకు నచ్చలేదు. ఆమె మనసు ఒక ఉప్పు మీద పడింది. దాన్ని గ్లాబర్ లవణం అంటారు. రసాయన శాస్త్రంలో సోడియం సల్ఫేట్, నీటి అణువులు కలిసిన స్ఫటికం. చవకగా దొరుకుతుంది. సుమారు 32 డిగ్రీల వేడికి కరుగుతుంది.

ఉప్పు కరిగితే వేడి ఎలా దాగుతుందని మీకు సందేహం రావచ్చు. చేపల పెట్టెలో ఐస్ ఎందుకు వేస్తామో గుర్తు తెచ్చుకోండి. ఐస్ కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని మింగుతుంది. పూర్తిగా కరిగేదాకా దాని ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరే ఆగి ఉంటుంది. అందుకే అంతసేపూ చేప చల్లగా ఉంటుంది. గ్లాబర్ లవణం కూడా కరిగేటప్పుడు ఇలాగే వేడిని మింగి, మళ్లీ గడ్డకట్టేటప్పుడు ఆ వేడిని బయటికి వదులుతుంది. ఒక కిలో లవణం కరుగుతూ మింగే వేడితో ఒక కిలో నీటి ఉష్ణోగ్రతను సుమారు 60 డిగ్రీలు పెంచవచ్చు. అంటే నీళ్ల ట్యాంకు కన్నా చాలా తక్కువ చోటులో వేడిని దాచవచ్చు. పగలు ఎండకు కరగాలి, రాత్రి చలికి గడ్డకడుతూ ఇంటిని వెచ్చగా ఉంచాలి. ఆలోచన అంతే.

ఎంఐటీలో మిగతా సౌరశక్తి పరిశోధకులకు ఈ ఉప్పు పద్ధతి మీద నమ్మకం కుదరలేదు. అప్పుడు మారియాకు ఇద్దరు మహిళలు తోడయ్యారు. ఒకరు బోస్టన్ నగరంలో పేరున్న వాస్తుశిల్పి ఎలినార్ రేమండ్. మరొకరు శిల్పి అమీలియా పీబాడీ. ఇంటికి నమూనా రేమండ్ గీశారు. స్థలం, డబ్బు పీబాడీ ఇచ్చారు. ఖర్చు సుమారు 20,000 డాలర్లు. ఉప్పు, వేడి లెక్కలు మారియావి. మసాచుసెట్స్ రాష్ట్రంలోని డోవర్ అనే ఊళ్లో 1948 చివరికి ఇల్లు సిద్ధమైంది.

చలిదేశం ఇల్లు కాబట్టి దాని పని మనకు తిరగేసి కనిపిస్తుంది. మనం ఎండ పడకుండా వసారా దించుకుంటాం. వాళ్లు ఎండ పడేలా దక్షిణం వైపు పై అంతస్తు గోడ మొత్తం అద్దాలు పెట్టారు. అద్దాల వెనక లోహపు రేకులు. రేకులు ఎండకు కాలి, మధ్యలో ఉన్న గాలిని వేడెక్కిస్తాయి. ఫ్యాన్లు ఆ వేడిగాలిని గదుల మధ్య కట్టిన అరల్లోకి తోస్తాయి. ఆ అరల్లో డబ్బాల నిండా సుమారు 21 టన్నుల గ్లాబర్ లవణం. రాత్రి వేరే ఫ్యాన్లు ఆ అరల మీదుగా గాలిని గదుల్లోకి పంపుతాయి. బొగ్గు పొయ్యి లేదు, నూనె కొలిమి లేదు. వరుసగా పది రోజులు ఎండ లేకపోయినా ఇల్లు వెచ్చగా ఉండాలని లెక్క. మారియా తన బంధువుల కుటుంబాన్నే ఆ ఇంట్లో కాపురం పెట్టించారు. బయట మంచు కురుస్తోంది, లోపల కొలిమి అనేదే లేకుండా చిన్న పిల్లవాడితో ఒక కుటుంబం. తన లెక్క మీద ఆమెకు అంత నమ్మకం.

మూడో చలికాలం

మొదటి చలికాలం బాగానే గడిచింది. రెండోదీ గడిచింది. తర్వాత ఇల్లు తేడా చూపించడం మొదలుపెట్టింది.

మజ్జిగ కదపకుండా ఉంచితే ఏమవుతుందో మీకు తెలుసు. తేట పైకి తేలి, చిక్కటిది అడుక్కి చేరుతుంది. డబ్బాల్లో అదే జరిగింది. లవణం కరిగిన ప్రతిసారీ కొంత ఉప్పు పొడిగా విడిపోయి అడుగున పేరుకుంది. పైన నీరు తేరింది. మళ్లీ గడ్డకట్టాల్సిన సమయానికి పైన ఉన్న నీరు, అడుగున ఉన్న ఉప్పు కలవలేకపోయాయి. కరగడం, గడ్డకట్టడం ఎన్నిసార్లు జరిగితే దాచగలిగే వేడి అంత తగ్గుతూ వచ్చింది. దానికి తోడు డబ్బాలు తుప్పు పట్టి కారాయి. ఉప్పుగాలికి గేటు తుప్పు పట్టే ఊళ్లో ఉన్న మనకు అది తేలిగ్గానే అర్థమవుతుంది. ఇంట్లో వాళ్లు మామూలు హీటర్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. కొన్నాళ్లకు ఆ ఇంటి సౌర ఏర్పాటునే తీసేశారు.

ఆమె పరిస్థితి ఒక్కసారి ఊహించండి. వయసు యాభై దాటింది. పరాయి దేశం. పత్రికలు పొగిడిన ఇల్లు చల్లబడింది. ముందే అనుమానించిన వాళ్ల మాట నిజమైంది. 1952లో అమెరికా మహిళా ఇంజినీర్ల సంఘం తన మొట్టమొదటి పురస్కారాన్ని ఆమెకే ఇచ్చింది. మరుసటి ఏడాదే, 1953లో, ఆమె ఎంఐటీని వదిలి వెళ్లాల్సి వచ్చింది.

ఆమె ఉప్పును మాత్రం వదల్లేదు. ఇల్లు ఎందుకు చల్లబడిందని విడమరిచి చూసుకున్నారు. ఇందులో రెండు చిక్కులున్నాయి. లవణం గడ్డకట్టాల్సిన చోట గడ్డకట్టకుండా ద్రవంగానే ఉండిపోవడం ఒకటి. దానికి కొద్దిగా వెలిగారం కలిపితే స్ఫటికాలు మొదలవుతాయని 1952లోనే ఆమె ప్రచురించారు. ఉప్పు అడుక్కి దిగిపోవడం రెండోది. ఇది తేలిగ్గా లొంగలేదు. అడుక్కి దిగకుండా మిశ్రమాన్ని చిక్కగా పట్టి ఉంచే పదార్థం కలపాలి. ఆ పద్ధతి మీద ఆమె పేటెంటు 1976లో వచ్చింది. డోవర్ ఇల్లు కట్టి అప్పటికి 28 ఏళ్లు. ఆమెకు 75 ఏళ్లు.

మధ్య కాలంలో చేసిన పనులు

ఆ మధ్య ఏళ్లలో ఆమె ఊరికే కూర్చోలేదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, ఫోర్డ్ ఫౌండేషన్ ఇచ్చిన 45,000 డాలర్లతో సౌర పొయ్యి తయారుచేశారు. పైన అద్దం ఉన్న పెట్టె, చుట్టూ ఎండను లోపలికి మళ్లించే మెరిసే రేకులు. కట్టెల కోసం మైళ్లు నడిచే పల్లెటూరి ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని, పిల్లలు దగ్గరున్నా ప్రమాదం లేకుండా దాన్ని రూపొందించారు. ఆ దశాబ్దంలోనే ఢిల్లీలోని మన నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ కూడా సౌర పొయ్యి చేసింది. మన వంటిళ్లలో అది నిలవలేదు. పొద్దున్నే వంట ముగించే ఇంటికి, మధ్యాహ్నం ఎండలో పెరట్లో నిలబడి వండమంటే కుదురుతుందా? పరికరం పనిచేస్తే సరిపోదు, ఇంటి అలవాటుకూ అది సరిపడాలి.

తర్వాత వేడికి, చలికి తట్టుకోలేని సున్నితమైన పరికరాలను కాపాడే పదార్థాల మీద పనిచేశారు. కరిగి వేడిని మింగే పదార్థాల గురించి డోవర్ ఇంట్లో నేర్చుకున్న పాఠం ఇక్కడ అక్కరకు వచ్చింది. అలాంటి పదార్థాలు అపోలో అంతరిక్ష యాత్రల్లో వాడారు.

1972లో డెలావేర్ విశ్వవిద్యాలయం ఆమెను పిలిచింది. అక్కడ కార్ల్ బోయర్ అనే ఆచార్యుడు ఒక ప్రయోగ గృహం కట్టిస్తున్నారు. పేరు సోలార్ వన్. 1973లో పూర్తయింది. పైకప్పు మీది పలకలు కరెంటునూ, వేడినీ రెండింటినీ ఇచ్చిన తొలి ఇళ్లలో అది ఒకటి. ఆ ఇంట్లో వేడిని, చల్లదనాన్ని దాచే లవణాల పని మారియాది. పాతికేళ్ల కిందట నవ్వులపాలైన ఉప్పుకు మళ్లీ ఒక ఇంట్లో చోటు దొరికింది. ఈసారి చుట్టూ విద్యార్థులు ఉన్నారు. 1978లో ఆమె ఉద్యోగ విరమణ చేసినా సలహాలు ఇవ్వడం మానలేదు.

1995లో, సుమారు డెబ్భై ఏళ్ల తర్వాత, తాను పుట్టిన బుడాపెస్ట్‌కు వెళ్లారు. ఆ ప్రయాణంలోనే డిసెంబరు 2న కన్నుమూశారు. ఇంకో పది రోజులకు 95 ఏళ్లు నిండేవి. అప్పటికి ఆమె పేరు మీద 20కి పైగా పేటెంట్లు ఉన్నాయి. 2012లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో ఆమె పేరు చేర్చారు.

ఆమె తర్వాత

ఈ రోజు సౌర గృహాలు కట్టే పని ప్రపంచమంతటా విద్యార్థుల చేతుల్లోకి వచ్చింది. 2002లో అమెరికా ఇంధన శాఖ వాషింగ్టన్‌లో సోలార్ డెకథ్లాన్ అనే పోటీ మొదలుపెట్టింది. ఆచార్యుల మార్గదర్శకత్వంలో కాలేజీ విద్యార్థులు ఎండతోనే నడిచే ఇంటిని తామే గీసి, తామే కట్టి, జనానికి చూపించాలి. మొదటిసారి 14 జట్లు వచ్చాయి. 2014లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో జరిగిన ఐరోపా పోటీకి ఐఐటీ బాంబే విద్యార్థులు టీమ్ శూన్య పేరుతో వెళ్లారు. ఇంజినీరింగ్ పిల్లలు, ఆర్కిటెక్చర్ పిల్లలు కలిసి చేసిన పని అది. ఒక శాస్త్రవేత్త, ఒక వాస్తుశిల్పి, ఒక శిల్పి కలిసి డోవర్‌లో చేసిన పనికి ఇది కొనసాగింపే. మీ అబ్బాయి ఇంజినీరింగా, మీ అమ్మాయి ఆర్కిటెక్చరా అని తేల్చుకునేటప్పుడు ఈ రెండూ కలిసే చోటు కూడా ఒకటుందని గుర్తుంచుకోండి.

మన తీరంలో కట్టాల్సిన ఇల్లు డోవర్ ఇల్లు కాదు. మనకు వేడి దాచే పని లేదు, చల్లదనం దాచే పని ఉంది. తుపాను వచ్చి కరెంటు పోయినా ఫ్యాను తిరగాలి, ఉప్పుగాలికి రేకు తుప్పు పట్టకూడదు, బోరులో ఉప్పునీరు వస్తే తాగే నీటికి దారి ఉండాలి. అలాంటి ఇంటిని గీయాలంటే ఇక్కడి ఎండ, ఇక్కడి గాలి తెలిసిన పిల్లలే గీయాలి. వాళ్లు ఇప్పుడు మీ ఇంట్లోనే ఉన్నారు.

తల్లిదండ్రులుగా మనకు

మీరు కష్టపడి ఫీజు కడుతున్నారు. ఫలితం అడగడం మీ హక్కు. అయితే సైన్స్ ఫెయిర్‌కు ముందురోజు రాత్రి, పిల్లవాడు చేసిన మోడల్ పనిచేయకపోతే ఏం చేయాలన్నది ప్రతి ఇంట్లో వచ్చే సందేహమే. బజారుకు వెళ్లి తయారు మోడల్ కొనిస్తే బహుమతి రావచ్చు. కానీ తన మోడల్ ఎందుకు పనిచేయలేదో ఆ పిల్లవాడికి ఎప్పటికీ తెలియదు. మారియా కూడా మూడో చలికాలంలో కొత్త కొలిమి ఒకటి పెట్టించి ఊరుకుని ఉంటే, ఉప్పు అడుక్కి ఎందుకు దిగుతుందో ఆమెకు తెలిసేది కాదు. పనిచేయని మోడల్‌ను కూడా, ఎందుకు పనిచేయలేదో రాసిన కాగితంతో సహా స్కూలుకు పంపండి. దాన్ని ఎలా చూడాలో నేర్పే బాధ్యత మా టీచర్లది.

ఈ ఆదివారం ఒక చిన్న ప్రయోగం చేయించండి. వెడల్పాటి గిన్నెలో రెండు అంగుళాల లోతున ఉప్పునీళ్లు పోయండి. మధ్యలో ఒక పొట్టి గ్లాసు ఖాళీగా పెట్టండి. గ్లాసు తేలిపోకుండా అందులో శుభ్రమైన గులకరాయి వేయండి. గిన్నె మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి, చుట్టూ తాడుతో బిగించండి. షీటు మధ్యలో, సరిగ్గా గ్లాసు పైన, చిన్న రాయి పెడితే అక్కడ కొంచెం కిందికి వంగుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా డాబా మీద ఎండలో ఉంచండి. గ్లాసులో చేరిన నీటిని కొలిచి నోటుబుక్కులో రాయమనండి. నీరు కొద్దిగానే వస్తే, ఎందుకు తక్కువ వచ్చిందో పిల్లల్నే చెప్పమనండి. గిన్నె రంగు మార్చాలా, షీటు ఎక్కడైనా వదులుగా ఉందా అని వాళ్లే ఆలోచిస్తారు. మీరు తొందరపడి జవాబు చెప్పకండి. మళ్లీ ఆదివారం ఇంకోసారి చేయించండి.